పండిన మడి

ఆ ఏడు గెడ్డవలసలో నిండుగా పండింది నీలవేణి మడి ఒక్కటే. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదట్లో వానలు బాగానే పడ్డాయి. ఊడుపులు సకాలంలో అయ్యాయి. దసరా వెళ్లాక మాత్రం మబ్బు మొహం చాటేసింది. వరి పొట్ట మీదుండగా, సరిగ్గా నీరు కావలసిన వేళకి, ఊరి చెరువు అడుగు కనబడింది. వెన్నులు పైకి వచ్చాయి గాని గింజ పాలు పోసుకోలేదు. అరచేతిలో వేసి నలిపితే తాలు తప్ప మరేమీ లేదు. మెరక మీద రాబర్ట్, కృపారాణి కౌలుకి చేస్తున్న చేనైతే దూరం నుంచి చూసేవాళ్లకి ఎండుగడ్డి ఆరబోసినట్టు ఉండేది.

నీలవేణి మడి ఊరివాళ్లు గెడ్డ అనే వాగు వారన, పల్లంలో ఉంది. గెడ్డలో పారుదల ఆగిపోయినా ఇసక కింద ఊట ఆగలేదు. ఆ ఊట మడి అడుగుని ఆరనివ్వలేదు. అంతకు మించి ఆమె చేసిన గొప్పేమీ లేదు. అందరూ వేసిన శ్రీకాకుళం సన్నాలే ఆమె కూడా వేసింది. కలుపు అందరూ తీసినట్టే తీసింది. భర్త చినబాబు భోగాపురంలో విమానాశ్రయం పనుల దగ్గర టిప్పరు నడుపుతాడు. వారానికోసారి ఇంటికొస్తాడు. సేద్యం మంచీ చెడ్డా ఆమెదే.

కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున్న యమున గట్టు పక్కన స్కూటీ ఆపింది. యమున రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకురాలు. శృంగవరపుకోట పిల్ల. ఉద్యోగానికొచ్చి రెండేళ్లయింది. వానాకాలం ముందు ఇంటింటికీ తిరిగి, బతిమాలి, బెదిరించి, ఊరందరిచేతా పంటల బీమా కట్టించింది ఆమే.

"పిన్నీ, మీ మడికి నంబరు పడింది" అంది.

"ఏటి పడింది?"

"పంట కోత ప్రయోగానికి. ఊళ్లో నాలుగు మళ్లు తీశారు. మనుషులు తీసింది కాదు, కంప్యూటర్ తీసింది. ఒక్కో మడిలో చిన్న ముక్క కొలిచి, కోసి, నూర్చి తూకం వేస్తాం. ఆ నాలుగు తూకాల సగటు చూసి ఊరికి బీమా వస్తుందా రాదా అన్నది తేలుస్తారు."

నీలవేణి తన మడి వంక చూసింది. వెన్నులు బరువుకి వంగి ఉన్నాయి.

"నా మడి బాగానే ఉన్నాది గదమ్మా. బీమా అంటే పోయినోళ్లకి గదా?"

"బాగున్నా బాగోకపోయినా నంబరు పడిందంటే కొయ్యాల్సిందే. మేం వచ్చేవరకు మీరు కోత పెట్టకండి" అని చెప్పి యమున స్కూటీ తిప్పుకుంది. మిగతా మూడు మళ్లవాళ్లకీ చెప్పాలి మరి.

నీలవేణికి లోపల కొంచెం గొప్పగానే అనిపించింది. కంప్యూటర్ తన మడినే ఎంచిందంటే మాటలా. ఆ గొప్ప మధ్యాహ్నం అన్నం వండే వరకు నిలిచింది.

గంజి వారుస్తూ ఉండగా దాలయ్య వచ్చాడు. చినబాబుకి చిన్నాన్న. ఊళ్లో నలుగురు వినే మనిషి. కండువా దులిపి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే తాగలేదు.

"కొంప ముంచీసినావు గదే కోడలా."

"నానేటి సేసినాను సిన్నమావ?"

"నీ మడి పండింది."

నీలవేణి గంజి గిన్నె కింద పెట్టింది. పండడం తప్పన్నట్టు ఎవరైనా మాట్లాడగా వినడం ఆమెకి అదే మొదలు.

"నీ మడి తూకం బాగా వస్తాది. దాన్ని మిగతా మూడిటితో కలిపితే సగటు పైకి లేస్తాది. గెడ్డవలస పండిందని రాసుకుపోతారు. ఊరందరికీ ఏటీ రాదు. నా సేను సూసినావా? ఆ కృపారాణి సేను సూసినావా?"

"సూసినాను. మరి నా మడి బాగున్నాదని రాస్తే నాకేటొస్తాది?"

"నీకేటీ రాదు."

"ఊరు పోయిందని రాస్తే?"

"అందరికీ వస్తాది. నీకూ వస్తాది."

"నా పంట పోకపోయినా?"

"ఆఁ. నువ్వూ కట్టినావు గదా."

ఆమెకి లెక్క కుదరలేదు. పంట పోనివాళ్లకి డబ్బులు రావడమేమిటి, పోయినవాళ్లకి రాకపోవడమేమిటి. రెండూ తన మడి మీదే ఆధారపడి ఉండడమేమిటి.

దాలయ్య గొంతు తగ్గించాడు. "రేపు పొద్దున్నే కోసీ. కోసీసిన మడిని కొలవరు. ఇంకో నంబరు తీస్తారు. అది ఏ మెరక సేనుకో పడతాది. నీ పంట నీ ఇంటికొస్తాది, ఊరికి దక్కాల్సింది ఊరికి దక్కుతాది. ఇందులో ఎవులికి అన్యాయం?"

వినడానికి సబబుగానే ఉంది. ఆయన వెళ్లాక కొడవళ్లు ఎక్కడున్నాయో చూసుకుంది కూడా. సాయంత్రం ఉప్పు కొనుక్కోవడానికి వెళితే ఎరువుల కొట్టు గిరిబాబు పిలిచాడు. గిరిబాబుకి తెలియని విషయం ఉండదు. తెలియకపోయినా చెప్పకుండా ఉండడు.

"కోసీమన్నాడట దాలయ్య బాబు. కోస్తే కేసెట్టీగలరు వొదినా. అది గవర్నమెంటు మడి ఇప్పుడు."

"నా మడి గవర్నమెంటుదెలగైపోనాది?"

"నంబరు పడింది గదా. నువ్వు కొయ్యొద్దు. ఆళ్లు వొచ్చినప్పుడు ఆ పైగట్టు మూల పలసగా ఉన్నాది సూడు, అక్కడికి తీసుకుపో. అక్కడ కొలిపించు. నీకు కేసుండదు, ఊరికి నష్టం ఉండదు."

ఇదీ సబబుగానే ఉంది. నీలవేణి ఇంటికొచ్చి చినబాబుకి ఫోను చేసింది. అవతల ఇంజన్ల రొద. సంగతి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"సిన్నాన్న సెప్పినట్టు సేసీ" అన్నాడు చినబాబు. "ఆగాగు, కేసన్నాడా? అయితే వొద్దు. గిరిబాబు సెప్పినట్టు సెయ్యి. కానీ సిన్నాన్న మాట తీసీసినామని అనుకుంటాడేమో. సూడూ, నువ్వే ఆలోసించి సెయ్యి. లోడింగైపోనాది, ఎల్లాల."

మర్నాడు ఆమె సేవా కేంద్రానికి వెళ్లింది. యమున ఎరువు బస్తాలు దింపించుకుంటోంది. నీలవేణి అంతా చెప్పుకొచ్చింది. ఎవరేమన్నారో పేర్లతో సహా చెప్పేసింది. యమున కోప్పడలేదు. ఒక బస్తా మీద ఆమెని కూర్చోబెట్టి తనూ ఎదురుగా కూర్చుంది.

"ఊళ్లో ఉన్న ప్రతి మడీ కొలవాలంటే మాకు ఏడాది పడుతుంది పిన్నీ. అందుకే నాలుగు కొలిచి ఊరంతా ఎలా పండిందో అంచనా వేస్తాం. ఊరు ఎప్పుడూ పండే పంటకన్నా ఈ ఏడు ఎంత తగ్గిందో, ఆ మేరకు అందరికీ వస్తుంది. మీ మడీ ఊళ్లోదే కదా. పోయిన మళ్లే ఏరుకుని కొలిస్తే అది ఊరి పంట ఎలాగవుతుంది?"

"మరి నాను కోసీస్తే కేసా?"

"కేసూ లేదు గీసూ లేదు. కోసేశారని రాసి ఇంకో నంబరు తీస్తాను. కానీ వచ్చే ఏడు పండిన ప్రతివాళ్లూ ముందే కోసేస్తారు. అప్పుడు కంపెనీవాళ్లు ఈ ఊరి తూకాలు నమ్మరు. నిజంగా పోయిన ఏడు కూడా నమ్మరు. కోసుకోవడం కోసుకోకపోవడం మీ ఇష్టం. అబద్ధం రాయమని మాత్రం నన్నడక్కండి."

నీలవేణికి ఒక్కో మాట విడిగా అర్థమైంది. అన్నీ కలిపితే అర్థం కాలేదు. దాలయ్య చెప్పింది తప్పనిపించలేదు. ఈ పిల్ల చెప్పింది కూడా తప్పనిపించలేదు. ఇద్దరు చెప్పిందీ ఒప్పే అయితే తను ఏం చెయ్యాలి?

దారిలో గెడ్డ దగ్గర కృపారాణి గడ్డి కోస్తూ కనబడింది. ఊరి చివర బాప్టిస్టు చర్చి వెనకాల వాళ్ల ఇల్లు. ఇద్దరికీ వదినా వదినా అని పిలుచుకునే వరస. ఒకరి మళ్లలోకి ఒకరు ఊడుపులకి వెళతారు. ఈ రెండు రోజుల్లోనూ తన దగ్గరికి వచ్చి ఏమీ అడగని మనిషి కృపారాణి ఒక్కతే. అందరికన్నా ఎక్కువ పోయింది ఆమెకే. అడగకపోవడమే నీలవేణిని కుదురుగా ఉండనివ్వడం లేదు.

"నువ్వేటీ అనవేటి వొదినా?" అని నీలవేణే కదిపింది.

"ఏటనాలి?"

"కోసీమంటావా, ఉంచీమంటావా?"

కృపారాణి గడ్డి మోపు కట్టు బిగించి, దాని మీదే కూర్చుంది. "రాబర్ట్ భోగాపురం ఎల్తానంటన్నాడు. మీ ఆయన్నడిగి ఏదైనా కూలిపని సూపించమన్నాడు. కౌలు వొదిలీసి, నన్నూ పిల్లల్నీ తీసుకుపోతాడట. రేకుల షెడ్డుల్లో ఉండాలంట అక్కడ." మెరక వైపు చూసింది. "నా సేను పోనాది, నిజమే. దానికి నీ మడి ఏటి సేసింది? ఆ మడి నాను ఊడ్సినాను. ఆ బురదలో మోకాళ్లదాకా దిగి రెండు పూటలు ఊడ్సినాను, నడుం ఇరిగిపోనాది. ఇప్పుడు దాన్ని దాసీమంటే నా పనిని దాసీమన్నట్టు ఉంటాది. నాకైతే కోపమొస్తాది."

"మరి నీకు రావాల్సింది రాకపోతే?"

"అది నాకు తెల్దు వొదినా. రాకపోతే భోగాపురం ఎల్తాం."

నీలవేణి మడి కోయలేదు. అది తెగింపని చెప్పుకోవడానికి లేదు. పొద్దున్నే లేచి కొడవలి వైపు చూడడం, రేపు చూద్దామనుకోవడం, అలా రోజులు గడిచిపోయి అధికారులు వచ్చేశారు.

గణాంకాల శాఖ నుంచి నరసింగరావు అనే పెద్దాయన వచ్చాడు. బీమా కంపెనీ తరపున ధనరాజ్ అనే కుర్రాడు ఫోను పట్టుకుని వచ్చాడు. యమున చేతిలో టేపు, మేకులు, తాడు. ఊళ్లో సగం మంది గట్ల మీద బారులు తీరారు. దాలయ్య అందరికన్నా ముందు నిలబడ్డాడు గాని నీలవేణి వైపు చూడలేదు.

మడి మూల దగ్గర నిలబడి, ఫోనులో వచ్చిన నంబరు ప్రకారం పొడవుకి ఇన్ని అడుగులు, వెడల్పుకి ఇన్ని అడుగులు అని నరసింగరావు నడవడం మొదలుపెట్టాడు. నడిచి నడిచి గట్టెక్కి గెడ్డలోకి దిగబోయాడు. గట్ల మీద నవ్వులు పుట్టాయి. ఆ నంబరు పనికిరాదని మరొకటి తీశారు. ఈసారి ఆయన అడుగులు మడి నడిబొడ్డుకి వెళ్లి ఆగాయి. అక్కడ దుబ్బులు చెయ్యి దూరనంత గుబురుగా ఉన్నాయి.

"కాస్త పైగట్టు వైపు జరపండి సారూ, అక్కడ నేల గట్టిగా ఉంటాది" అన్నాడు గిరిబాబు.

"ఇది జరిపితే నా ఉద్యోగం జరుగుతుంది నాయనా" అని నరసింగరావు మేకు కొట్టించాడు.

నాలుగు మేకులు, చుట్టూ తాడు. తాడు లోపల ఉన్నది ఒక్క మొక్క కూడా వదలకుండా కోశారు. బరకం మీద వేసి కొట్టారు. గాలికి ఎత్తి తూర్పారబట్టారు. పడిన గింజలు చిన్న కుప్పయ్యాయి. అంత చిన్న ముక్కలో అన్ని గింజలు రాలడం చూసి నీలవేణికి గొంతు దాకా సంతోషం వచ్చింది. వెంటనే గట్ల మీద మొహాలు కనబడ్డాయి. నవ్వాలో, మొహం దించుకోవాలో తెలియక కొంగుతో నుదురు తుడుచుకుంది. చెమటేమీ పట్టలేదు.

కాటా మీద సంచి పెట్టారు. ధనరాజ్ ముల్లుని ఫొటో తీసుకున్నాడు. నరసింగరావు అంకె పైకి చదివాడు. ఒక్కొక్కరూ గట్టు దిగి వెళ్లిపోయారు. తూకం వేసిన గింజల సంచి యమున ఆమె చేతికే ఇచ్చింది. "మీవే పిన్నీ, పట్టుకెళ్లండి" అంది.

ఆ మర్నాటి నుంచి కోతలు పెట్టుకోవచ్చు. ఊట మడిలో మిషను దిగదు, మనుషులు కావాలి. నీలవేణి కూలి పిలుపుకి బయల్దేరింది. ఒకామెకి నడుం నొప్పి. ఇంకొకామె అన్నవాళ్లింటికి వెళుతోంది. మరొకామె తలుపు వెనకాల ఉండి, లేనని పిల్లచేత చెప్పించింది. ఎవరూ దెబ్బలాడలేదు. మాట తూలలేదు. దెబ్బలాడి ఉంటే ఆమెకి ఏదో ఒకటి తెలిసేది. తను చేసినది తప్పో కాదో వాళ్లకీ తేలలేదేమోనని కూడా అనుకుంది.

చివరికి కోతకి వచ్చింది కృపారాణి, రాబర్ట్. చినబాబు రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. నలుగురు కోస్తే ఎంత సాగుతుంది. ఊరు నిలబడి కోస్తే పూటలో అయిపోయే మడి రోజుల తరబడి సాగింది. కోసినది కోసినట్టే పనలు పరిచి ఆరబెట్టారు. ఇక కట్టలు కట్టి కళ్లానికి మొయ్యాలనుకుంటూ ఉండగా బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెప్పారు. ఆశ్వయుజంలో ఒక్క చినుకు రాల్చని ఆకాశం మార్గశిరంలో కుండపోత పోసింది.

రెండో రోజు మధ్యాహ్నానికి గెడ్డ పొంగి మడిలోకి వచ్చేసింది. నీలవేణి గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడింది. పనలు నీళ్లలో తేలుతున్నాయి. వెన్నులు నీటి కింద, మొదళ్లు పైన. చినబాబు భోగాపురం వెళ్లిపోయాడు. ఏం చేయాలో తోచక గిరిబాబుకి ఫోను చేసింది.

"ముట్టుకోవొద్దు" అన్నాడు గిరిబాబు. "ఉన్నదున్నట్టే వొదిలీ. తీసి గట్టునెట్టినావంటే పోయిందని రుజువేటి? ఆఫీసరొచ్చి కళ్లతో సూడాల."

ఫోను పెట్టేసి నీళ్ల వంక చూసింది. వదిలేస్తే రేపటికి గింజ మొలకెత్తుతుంది. తీస్తే రుజువు పోతుంది. అయినా దేనికి రుజువు? ఊరంతటికీ ఒకటే లెక్కన్నారు కదా, ఆ లెక్క తన మడి కొలిచి తీసుకుపోయారు కదా. ఇప్పుడు పోతే ఎవరికి చెప్పుకోవాలి? ఆమె కదలకుండా నిలబడిపోయింది.

వెనక నుంచి ఎవరో మడిలోకి దూకిన చప్పుడైంది. దాలయ్య. లుంగీ పైకి ఎగ్గట్టి, తల మీద యూరియా సంచి కప్పుకుని ఉన్నాడు.

"సూస్తావేటి అలగ? ఎత్తు" అని అరిచాడు.

"గిరిబాబు ముట్టుకోవొద్దన్నాడు సిన్నమావ."

"ఆడు ఎప్పుడైనా మడిలో కాలెట్టినాడా?"

అప్పటికే కృపారాణి మెరక మీద నుంచి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరి మాటలూ విని, యమునకి ఫోను కలిపి, వానలో వినబడడానికి చెవిని చేత్తో మూసుకుని మాట్లాడింది. తరవాత నీలవేణి వైపు తిరిగింది.

"ముందు ఫొటోలు తియ్యమంటంది. పనలు నీళ్లలో ఉన్నట్టు, మడి కనబడేటట్టు. తీసి తనకి పంపీమంది. మూడు రోజుల్లోపల సెప్పాలంట, ఇప్పుడే రాసీసుకుంటానంది. తరవాత ఎంత దక్కితే అంత పైకి తీసుకోమంది. పంటని కుళ్లబెట్టుకోమని బీమా ఎక్కడా సెప్పలేదంట."

కృపారాణి గొడుగు కింద ఫోను పెట్టి ఫొటోలు తీసింది. ఆ తరవాత ఎక్కడ నుంచి వచ్చారో, ఎవరు పిలిచారో నీలవేణికి తెలియదు. నడుం నొప్పన్న ఆమె వచ్చింది. అన్నవాళ్లింటికి వెళ్లాల్సిన ఆమె వచ్చింది. తలుపు వెనక దాక్కున్న ఆమె కొడుకుని కూడా తీసుకొచ్చింది. మోకాలి లోతు నీళ్లలో వరసగా నిలబడి, తడి పనలు చేతులు మార్చుకుంటూ గట్టెక్కించారు. ఎండలో కోతకి రమ్మంటే రానివాళ్లు ఈ వానలో ఎందుకొచ్చారో ఆమెకి ఎంత ఆలోచించినా తెలియలేదు. అడగబోయింది గాని దాలయ్య "మాటలు తరవాత, కట్టలు అందుకో" అన్నాడు.

వాన వెలిశాక ధనరాజ్ మళ్లీ వచ్చాడు. ఈసారి ఊరి మళ్ల జోలికి వెళ్లలేదు. నీలవేణి మడికీ, ఆమె కళ్లానికీ మాత్రమే వచ్చాడు. రంగు మారిన గింజ, మొలకొచ్చిన గింజ విడదీసి చూశాడు. ఏదో రాసుకున్నాడు.

"బాబూ, మొన్న ఊరంతటికీ ఒకటే లెక్కన్నారు. ఇప్పుడు నా ఒక్కదాని మడీ సూస్తన్నారేటి?" అని అడిగింది.

"కోయకముందు వానల్లేక పంట తగ్గితే అది ఊరి లెక్కమ్మా. కోసి పనల మీద ఆరబెట్టినప్పుడు వాన పడి పాడైతే ఎవరి పంట వాళ్లదే. విడిగా చూస్తాం."

"ఇది ఇంకో బీమానా?"

"అదే బీమా."

"నాను ఒక్కసారే కట్టినాను మరి."

"ఒక్కసారే కట్టాలమ్మా."

పక్కన నిలబడి వింటున్న దాలయ్య అందుకున్నాడు. "మరి నా పంట కోసేటప్పటికే తాలు గద నాయనా."

"మీది ఊరి లెక్కలోకి వస్తుంది."

"వస్తాదా?"

"ఊరి సగటు తేలాక తెలుస్తుంది. అది నా చేతుల్లో లేదు" అని కుర్రాడు బండెక్కాడు.

ఆ తేలడానికి వేసవి దాకా పట్టింది. ముందు, ఉగాది లోపునే, నీలవేణి ఖాతాలో తడిసిన పంట డబ్బు పడింది. ఊళ్లో అందరికీ ఎండిపోతే బాగా పండినదానికి మాత్రం వచ్చిందేమిటని మళ్లీ గుసగుసలు పుట్టాయి. ఆమెకే సమాధానం తెలియదు, ఇంకొకరికి ఏం చెబుతుంది. ఆ నెలలో బయటికి వెళ్లాలంటే కాళ్లు వెనక్కి లాగేవి.

రాబర్ట్ భోగాపురం వెళతానన్నవాడు, ఊరి లెక్క ఏమవుతుందో చూసి వెళదామని యమున చెబితే ఆగాడు. ఆ నెలలన్నీ ఇద్దరూ కూలికి వెళుతూ నెట్టుకొచ్చారు.

రోహిణి ఎండల్లో ఒకరోజు ఊళ్లో ఫోన్లు వరసగా మోగాయి. ఊరందరి ఖాతాల్లోనూ బీమా పడింది. కౌలు కార్డు మీద కట్టినందుకు కృపారాణికి ఆమె పేరునే పడింది. నీలవేణికీ పడింది గాని ఎకరా లెక్కన చూస్తే మిగతావాళ్లకన్నా బాగా తక్కువ. ఇదేమిటో తేల్చుకుందామని ఆమె సేవా కేంద్రానికి బయల్దేరింది. దాలయ్య, కృపారాణి వెంట వచ్చారు. దాలయ్యకి కూడా ఒక సందేహం ఉంది.

యమున ముగ్గురికీ కుర్చీలు వేసింది.

"ఒకే పంటకి రెండుసార్లు పూర్తిగా ఇవ్వరు పిన్నీ. తడిసినదానికి ముందు ఇచ్చిన సొమ్ము తీసేసి మిగతాది వేశారు. మొత్తం కలిపి చూసుకుంటే మీకూ అందరితో సమానమే."

"నాకు దక్కిన గింజ కూడా ఉన్నాది గదమ్మా. మరి సమానమెలగైంది?"

యమున ఆలోచించింది. "అవును. మీకు కొంచెం ఎక్కువే దక్కింది" అని ఒప్పుకుంది.

దాలయ్య గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాట సెప్పమ్మా. మిగతా మూడు మళ్లూ మరీ తాలు గనక సగటు కిందే ఉండిపోనాది, మాకొచ్చింది. బాగానే ఉన్నాది. ఈ కోడలి మడికి నంబరు పడకపోతే మాకు ఇంకా ఎక్కువొచ్చీదా?"

నీలవేణి నేల వంక చూసింది.

"వచ్చేది" అంది యమున. "దాచడమెందుకు. కొంచెం ఎక్కువే వచ్చేది. రెండు మళ్లు బాగా పండి ఉంటే అసలు వచ్చేది కాదు. అప్పుడు పంట పోయినవాళ్లకి కూడా ఏమీ చేయలేకపోయేదాన్ని. అది ఇందులో ఉన్న లోపమే. కానీ అంతకు ముందు ఏడాది ఊళ్లో ఈ బీమా కూడా లేదు కదా తాతా."

దాలయ్య తల ఊపాడు. ఒప్పుకున్నట్టా, ఊరుకున్నట్టా అన్నది నీలవేణికి తెలియలేదు. ఆయన లేచి కండువా భుజాన వేసుకుని, "ఈ ఏడు కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడు?" అని అడిగాడు. యమున చెప్పింది. "రేపు ఆధార్ పట్టుకొస్తాను" అని ముందుగా వెళ్లిపోయాడు.

ఆడవాళ్లిద్దరూ నడిచి వస్తున్నారు. మెరక మీద రాబర్ట్ ట్రాక్టరు బాడుగకి తెచ్చి దుక్కి దున్నిస్తున్నాడు. ఒక చినుకు పడిన నేల. చక్రాల వెనక కొంగలు వాలుతున్నాయి.

"నీకు అర్థమైందా వొదినా?" అని నీలవేణి అడిగింది. "ఆ పిల్ల తగ్గిందంటది, ఎక్కువంటది, సమానమంటది. నా మడి వల్ల మీకు తగ్గింది. తగ్గినా వొచ్చింది. నాకు పంట ఉన్నా వొచ్చింది. నాను మంచి సేసినానా సెడ్డ సేసినానా?"

"నాకంత తెల్దు" అంది కృపారాణి. "ఇత్తనాలకి ఉన్నాయి. కౌలు కట్టీసినాం. ఈయన రేకుల షెడ్డుకి పోలేదు. అంతవరకు అర్థమైంది."

నీలవేణి ఇంకా ఏదో అడగబోయింది. ట్రాక్టరు ఆపి రాబర్ట్ గట్టు మీద నుంచి కేకేశాడు. మంచినీళ్ల సీసా ఖాళీ అయిందట. కృపారాణి చెప్పులు విప్పి చేత పట్టుకుని, దున్నిన మట్టిలోకి దిగి అటు నడిచింది. నీలవేణి కాసేపు నిలబడి, పోయిన ఏటి లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకుంటూ ఇంటి దారి పట్టింది.